ఉప సంచాలకులవారి వీపు

మా కార్యాలయం పేరు జిల్లా సాహస క్రీడల భద్రతా పర్యవేక్షక ప్రాధికార సంస్థ. ఫోనెత్తి ఈ పేరు పూర్తిగా పలికేసరికి అవతలివాళ్లలో సగంమంది పెట్టేస్తారు. మిగిలినవాళ్లకు, "ఆయన సీట్లో లేరండీ" అని చెప్పడం నా పని. నేనక్కడ జూనియర్ అసిస్టెంటుని.

మా జిల్లాలో సాహస క్రీడ అంటూ ఉన్నది ఒక్కటే. చింతలగరువు పక్కన ఎప్పటిదో యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే ఉంది. ఆదివారాలు కొందరు అక్కడ చేరి, చిన్న విమానమెక్కి పైకి వెళ్లి, పారాచూట్లు కట్టుకుని దూకుతారు. వాళ్లను ఎవరూ తొయ్యరు. వాళ్లంతట వాళ్లే దూకి, దిగి, జీడిమామిడి నీడలో కూచుని పెసరట్లు తిని, మళ్లీ ఎక్కుతారు. వాళ్ల భద్రత చూసేందుకు ఏర్పడిన మా సంస్థలో సిబ్బంది వాళ్లకంటే ఎక్కువే. అయినా పని భారం ఎక్కువగా ఉందని మా పర్యవేక్షకులు ప్రసాదరావు గారు తరచు అంటుంటారు.

వారం వారం పరిశీలనకు నన్ను పంపేవారు. నేను వెళ్లి కూచుని చూసేదాన్ని.

చూడగా చూడగా నాకు బాగా నచ్చింది వాళ్ల వలయం. విమానం ఎక్కబోయే ముందు అందరూ గుండ్రంగా, ఒకరి వెనక ఒకరు నిలబడతారు. పారాచూట్ సంచి వీపు మీద ఉంటుంది. దాన్ని మూసి ఉంచే పిన్ను కూడా వీపు మీదే. పట్టీలూ, హెల్మెట్టూ ఎవరివి వాళ్లు చూసుకోగలరు గానీ, ఎంత గొప్పవాడికైనా తన వీపు తనకు కనపడదు. అందుకని ప్రతివాళ్లూ తమ ముందున్నవాళ్ల సంచి మీది గుడ్డరేకు పైకెత్తి, పిన్ను సరిగ్గా ఉందో లేదో చూసి, భుజం మీద ఒక్క చరుపు చరిచి, "ఉంది!" అని అరుస్తారు. ఆ "ఉంది" వలయం చుట్టూ తిరిగి, మొదలైనచోటికే వస్తుంది. పైకి వెళ్లాక, దూకే ముందు, ఇంకోసారి ఇదే. అంతే. దానికి ఫైలు లేదు.

వాళ్లలో ముఖ్యులు ముగ్గురు. నేర్పించే కాశీం గారు సైన్యంలో పారాచూట్ దళంలో చేసి రిటైరయ్యారు. రైసుమిల్లు బుల్లెబ్బాయి గారి బరువుకు విమానం ఆయన కూర్చున్న వైపు కాస్త ఒరుగుతుంది. బీమా ఏజెంటు పేరిశాస్త్రి గారు తలుపు దగ్గర నిలబడి కూడా, "ఇప్పటికైనా ఆలోచించండి, సంతకం కిందికెళ్లాక పెట్టొచ్చు" అంటారు.

నాలుగో మనిషి సుభాషిణి. ఏరియా ఆసుపత్రిలో నర్సు. ఇంతవరకూ ఆమె కాశీం గారికి కట్టుకుని దూకింది, అంటే ఇద్దరికీ ఒకే పారాచూట్. ఆ వీడియో ఆసుపత్రిలో చూపిస్తే ఆయా నూకాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదా నువ్వు దూకడం? ఆ సాయిబుగారు దూకితే నువ్వు మూటలా ఏలాడావు. మూటకి కూడా వీడియోనా?"

అప్పట్నుంచి సుభాషిణికి ఒకటే పట్టుదల. ఒక్కసారి ఒంటరిగా దూకాలి. శిక్షణ అంతా పూర్తయింది. కాశీం గారు సరేనన్నారు. కానీ విమానం అద్దెకు తెచ్చింది. మొదటి వాన పడగానే దాని ఊరికి అది వెళ్లిపోతుంది. వానాకాలం పోయేలోగా సుభాషిణి కొండ ప్రాంతం ఆసుపత్రికి బదిలీ మీద వెళ్లాలి. అక్కణ్నుంచి చింతలగరువుకు రోజంతా ప్రయాణం. దూకితే ఈ వేసవిలోనే దూకాలి.

సరిగ్గా అప్పుడే పేపర్లో ఫోటో పడింది. వలయంలో నిలబడ్డవాళ్ల ఫోటో. కింద, 'సాహస క్రీడాకారుల రైలాట' అని రాశారు.

మర్నాడు ఉప సంచాలకులు ధర్మలింగేశ్వరరావు గారు జీపులో చింతలగరువు వచ్చారు. వెనక సహాయ సంచాలకులు భుజంగం గారు, ఆయన వెనక ప్రసాదరావు గారు, ఆయన వెనక గొడుగుతో నేను.

"ఈ తనిఖీకి బాధ్యులెవరు?" అన్నారు ఉప సంచాలకులు.

"అందరమూనండి," అన్నారు కాశీం గారు.

"అందరూ అంటే ఎవరూ కాదు. వలయంలో మొదట ఎవరుంటారు?"

కాశీం గారు ఆలోచించారు. "గుండ్రంగా ఉంటుంది కదండి."

"అదే లోపం. మొదలు లేదు, చివర లేదు. ఎవరు ఎవరికి జవాబుదారో తెలియదు. మిల్లు యజమాని ఒకరి వీపు నర్సు చూస్తుంది, ఆ నర్సు వీపు బీమా ఏజెంటు చూస్తాడు. ఏ అర్హతతో?"

"కళ్లున్నాయండి మాకు," అన్నారు బుల్లెబ్బాయి గారు.

ఉప సంచాలకులు జాలిగా నవ్వారు. కళ్లు అర్హత కాదన్నది ఆయన సర్వీసు మొత్తంలో తెలుసుకున్న విషయం.

మూడో రోజుకల్లా ఉత్తర్వు వచ్చింది. టైపు చేసింది నేనే. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, పరస్పర వీపు తనిఖీ అను అనధికార ఆచారం తక్షణం నిలిపివేయడమైనది. ఇకపై ప్రతి వ్యక్తి వీపును, సదరు వ్యక్తి కంటే పైస్థాయి అధికారి మాత్రమే తనిఖీ చేయవలెను. సదరు తనిఖీ, దూకుటకు ముందు చివరి క్షణమున, విమానములోనే జరుగవలెను.'

క్లబ్బు సభ్యులు ప్రజలు. ప్రజలకంటే పైస్థాయిలో ఉన్నవాళ్లలో అందరికంటే కిందిస్థాయి నాది. కాబట్టి నన్ను ప్రథమ వీపు తనిఖీ అధికారిగా నియమించారు. కాశీం గారు నాకు పిన్ను చూడటం శ్రద్ధగా నేర్పారు.

"భయమేస్తే బయటికి చూడకమ్మా. పిన్ను వంక చూడు," అన్నారు.

ఆ ఆదివారం పైకి వెళ్లాం. ఆ విమానానికి తలుపుండదు, తలుపుండాల్సిన చోట ఆకాశం ఉంటుంది. అందుకని లోపలున్న ప్రతివాళ్లూ, దూకినా దూకకపోయినా, పారాచూట్ కట్టుకోవాలన్నది పాత నిబంధన. నేనూ కట్టుకున్నాను. పైన సుభాషిణి పిన్ను చూసి, "ఉంది" అన్నాను. ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లింది. అప్పుడు పైలట్ చెవిలో రేడియో మోగింది. కింద నుంచి ప్రసాదరావు గారు.

"ఆపండి! తనిఖీ చేసిన మన అమ్మాయికీ వీపు ఉంది కదా. దాన్ని ఎవరు తనిఖీ చేశారు?"

ఎవరూ చెయ్యలేదు. తనిఖీ జరగని వీపుతో నేను చేసిన తనిఖీ చెల్లదు. అందరం విమానంలోనే కిందికి వచ్చేశాం.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో నూకాలమ్మ అందట, "ఎక్కి, తిరిగి, దిగావా? మా ఊరి బస్సు కూడా అంతే."

మరుసటి ఆదివారం నా వీపు చూడటానికి ప్రసాదరావు గారు కూడా ఎక్కారు. విమానంలో చోటు కొలిచినట్టు ఉంటుంది. ఆయన ఎక్కాలంటే ఒకరు దిగాలి. పేరిశాస్త్రి గారు లేచారు.

"నువ్వు కూర్చో తల్లీ," అన్నారు సుభాషిణితో. "నాకింకా ఎన్ని ఎండాకాలాలు ఉన్నాయో. ఆ మాట పాలసీలో కూడా రాసుకున్నాను."

మళ్లీ తలుపు దాకా వెళ్లింది సుభాషిణి. మళ్లీ రేడియో. ప్రసాదరావు గారి వీపు సంగతేమిటని కింద నుంచి భుజంగం గారు. మళ్లీ దిగాం.

ఆ తర్వాతి వారం భుజంగం గారు కూడా ఎక్కారు. ఈసారి బుల్లెబ్బాయి గారు దిగారు. ఆయన ఒక్కరు దిగితే ఇద్దరు పట్టే చోటు వచ్చింది. భుజంగం గారి వీపును చూడాల్సిన ఉప సంచాలకులకు ఆ రోజు తీరిక లేదు. కాబట్టి ఆ రోజు విమానం కదలనే లేదు.

ఇలా ఉండగా వీపు భద్రతా వారోత్సవాలు వచ్చాయి. 'నీ వీపే నీ ప్రాణం' అని రన్‌వే పొడవునా బ్యానర్లు కట్టారు. బడిపిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. మొదటి బహుమతి గెలిచిన పాప, 'మాస్టారు కొట్టేది కూడా వీపు మీదే కనుక దానిని కాపాడుకోవాలి' అని రాసింది. ఉప సంచాలకులు ఆ వాక్యాన్ని తన ఉపన్యాసంలో వాడుకున్నారు.

ఆ ఉత్సవాల్లోనే మా కార్యాలయం సిబ్బంది కోసం మూడు కొత్త పారాచూట్లు కొన్నారు. ప్రభుత్వ ఆస్తి కనుక ఎవరూ తాకకుండా వాటికి దారం చుట్టి లక్కతో సీలు వెయ్యమన్నారు. సీలు మీద తేదీ, కింద 'అనుమతి లేనిదే తెరవరాదు' అన్న ముద్ర. నాకు నాలుగోది దొరకలేదు. క్లబ్బుదే వాడుకోమన్నారు.

కాశీం గారు ఆ సీళ్లు చూసి నోరు తెరిచారు.

"సీలు వేస్తే తెరుచుకోదండి."

"అనుమతి లేకుండా తెరుచుకోకూడదనే కదా సీలు," అన్నారు ఉప సంచాలకులు.

"గాల్లో అనుమతి ఎవరిస్తారండి?"

"దరఖాస్తు పెట్టుకోవాలి. సక్రమమైన మార్గంలో పైకి పంపితే..."

"దరఖాస్తు పైకి వెళ్తుందండి. మనిషి కిందికి వెళ్తాడు."

ఉప సంచాలకులు జేబులోంచి కలం తీశారు. "సభ్యుల సొంత పారాచూట్లకు సీలు మినహాయింపు ఇవ్వడమైనది," అన్నారు చివరికి. "మేమెలాగూ దూకం. మేము తనిఖీ మాత్రమే చేస్తాం. కాబట్టి మావి సీలుతోనే ఉంటాయి."

"కట్టుకునేది దూకాలనుకుని కాదండి. జారితే అని," అన్నారు కాశీం గారు.

"అధికారులు జారరు," అన్నారు ఉప సంచాలకులు.

ఈలోగా ఆకాశం మారింది. పొద్దున్నే తూర్పున నల్లటి మబ్బులు కనిపించడం మొదలైంది. విమానం వాళ్లు ఫోను చేసి, శనివారం సాయంత్రం తీసుకుపోతామన్నారు. శనివారం పొద్దున సుభాషిణి నైట్ డ్యూటీ నుంచి తిన్నగా చింతలగరువు వచ్చింది. వెనక నూకాలమ్మ కూడా వచ్చింది, టిఫిన్ క్యారేజీతో.

"ఇవాళ కూడా బస్సేనా?" అంది.

"ఇవాళ ఆఖరి బస్సు నూకాలమ్మా," అంది సుభాషిణి. నవ్వలేదు.

ఆ రోజు ఉప సంచాలకులు స్వయంగా వచ్చారు. పరిపూర్ణమైన తనిఖీ ఎలా ఉంటుందో లోకానికి చూపించాలని ఆయన నిర్ణయించుకున్నారు. బుల్లెబ్బాయి గారూ, పేరిశాస్త్రి గారూ ముందే చెప్పేశారు, తామెక్కడం లేదని. ఉన్న ఒక్క చోటూ సుభాషిణిది.

"మా వీపులకి అంతమందిని ఎక్కించలేం కదండీ," అన్నారు బుల్లెబ్బాయి గారు. "వెళ్లిరా అమ్మాయ్. కింద గుడ్డ మడతెట్టడానికి మేమున్నాం."

విమానంలో సీట్లు ఉండవు. నేల మీదే కూచోవాలి. ఉప సంచాలకులు ఎక్కి చుట్టూ చూసి, "ముందు వరస ఏది?" అన్నారు. ఆ విమానంలో అన్నిటికంటే ముందున్న చోటు తలుపు పక్కది. హోదా ప్రకారం ఆయన అక్కడే కూచున్నారు. ఆయన వెనక భుజంగం గారు, ఆయన వెనక ప్రసాదరావు గారు, ఆయన వెనక నేను, నా వెనక సుభాషిణి. కాశీం గారు పైలట్ పక్కన, మావైపు తిరిగి. ఉత్తర్వు ప్రకారం ఆయన సలహా నిమిత్తం వచ్చిన ప్రైవేటు వ్యక్తి.

విమానం లేచింది. జీడిమామిడి తోటలు, కొబ్బరి గట్లు, దూరంగా సముద్రం. మబ్బులు అంచు దాకా వచ్చేశాయి. "ఒక్క చుట్టు. అంతకుమించి తిరగలేను," అన్నాడు పైలట్.

తనిఖీ మొదలైంది. నేను వెనక్కి తిరిగి సుభాషిణి వీపు చూశాను. నాది ప్రసాదరావు గారు, ఆయనది భుజంగం గారు, ఆయనది ఉప సంచాలకులు. ప్రసాదరావు గారు నావైపు చూడకుండానే తలూపారు, మిగిలిన ఇద్దరూ సీలు పగలకుండా ఉందా లేదా అన్నది మాత్రం చూశారు. పగలలేదు.

"చూశారా!" అన్నారు ఉప సంచాలకులు గాలి హోరు మీదుగా. "ఇదీ క్రమం!"

అప్పుడు పైలట్ మలుపు తిప్పాడు. విమానం తలుపు వైపుకు ఒరిగింది. ఉప సంచాలకులు జానెడు మేర ఆకాశం వైపు జారారు. రెండు చేతులా దొరికినదాన్ని పట్టుకున్నారు. దొరికింది భుజంగం గారి కాలు. విమానం మళ్లీ సర్దుకుంది. ఉప సంచాలకులు కాలు వదల్లేదు.

"కాశీం గారూ," అన్నారు. ఆయన్ని అంతవరకూ గారు అనలేదు. "ఒకవేళ... ఎవరైనా జారితే?"

"పారాచూట్ ఉంది కదండి."

"తెరుచుకుంటుందా?"

"అది వీపు చూసినవాళ్లు చెప్పాలండి."

ఉప సంచాలకులు మెల్లగా భుజంగం గారి వైపు తిరిగారు. "భుజంగం గారూ, నా వీపు ఒకసారి..."

భుజంగం గారు ఇరవై ఏళ్లుగా ఆయన కింద పనిచేస్తున్నారు. "క్షమించాలండి," అన్నారు ఎంతో వినయంగా. "పైస్థాయి అధికారి వీపు చూసే అర్హత నాకు లేదు. ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. తమరే సంతకం చేశారు."

"ప్రసాదరావూ?"

"నేను భుజంగం గారికంటే కూడా కిందండి," అన్నారు ప్రసాదరావు గారు. ఆ మాట ఆయన సంతోషంగా అనడం నేను మొదటిసారి విన్నాను.

ఆయన వీపు చూడదగ్గ సంచాలకులు రాజధానిలో ఉంటారు. ఉప సంచాలకులు ఒంటిచేత్తో జేబులోంచి ఫోను తీశారు. సిగ్నల్ లేదు.

"తనిఖీ కాని వీపు విమానంలో ఉంటే నిబంధన ప్రకారం అందరం దిగిపోవాలండి," అని గుర్తుచేశారు భుజంగం గారు.

సుభాషిణి కళ్లు మూసుకుంది. ఆమె చేతులు పట్టీల మీద బిగుసుకోవడం చూశాను. ఇంతకుముందెప్పుడూ నేను పై అధికారుల మాటలమధ్య మాట్లాడలేదు. అయినా బడిపిల్లలా చెయ్యెత్తాను.

"దిగొచ్చండి," అన్నారు కాశీం గారు. "కాకపోతే దిగేటప్పుడు ఇదేవైపుకి ఇంకో రెండు మలుపులున్నాయి."

ఉప సంచాలకులవారి మొహంలో పాలనానుభవమంతా ఒక్కసారి కదిలింది. ఆయన భుజంగం గారినీ, ప్రసాదరావు గారినీ, నన్నూ దాటుకుని చూశారు.

"అమ్మా, మీరు ఏ శాఖ?"

"వైద్య ఆరోగ్య శాఖండి," అంది సుభాషిణి.

"మా శాఖ సీనియారిటీ జాబితాలో లేరన్నమాట."

"లేనండి."

"జాబితాలో లేనివారు జూనియర్ కాజాలరు," అన్నారు ఉప సంచాలకులు. "పైగా వీపు అనునది శరీర భాగం. దానిని పరిశీలించుట ఆరోగ్య శాఖవారి సహజ విధి. కొంచెం... త్వరగా చూడమ్మా."

సుభాషిణి మోకాళ్ల మీద ముందుకు వెళ్లింది. ఇంజక్షన్ చేసేముందు వార్డులో మాట్లాడే గొంతుతో, "కాస్త ముందుకు వంగండి. ఊపిరి మామూలుగా పీల్చండి. ఏం కాదు," అంది. ఆయన వంగారు. ఆమె సంచి రేకు ఎత్తింది.

"దారం పిన్నుకి రెండు చుట్లు వేసి సీలు వేశారండి. ఇలా ఉంటే చచ్చినా తెరుచుకోదు."

"ఎప్పట్నుంచి ఉందది?"

"సీలు మీద తేదీ ఉందండి. చదవమంటారా?"

"వద్దమ్మా. తీసెయ్యి."

"అనుమతి..." అని మొదలుపెట్టారు ప్రసాదరావు గారు.

"ఇచ్చాను! ఇచ్చాను!"

దూకేవాళ్ల పట్టీలో తాళ్లు కోసుకోవడానికి చిన్న కొక్కెం కత్తి ఒకటి ఉంటుంది. సుభాషిణి దాంతో దారం కోసింది. లక్క ముక్కలు తలుపులోంచి ఎగిరిపోయాయి. పిన్ను సరిచేసి, భుజం మీద గట్టిగా చరిచింది.

"ఉంది!"

ఉప సంచాలకులు కళ్లు మూసుకున్నారు. ఆ చరుపును ఆయన ఆస్వాదించినట్టే కనిపించింది.

వెంటనే భుజంగం గారు తన వీపు ఆయన వైపు తిప్పారు. "అయ్యా, నాది కూడా ఓసారి... సీలు కాదండి, పిన్ను." ప్రసాదరావు గారు అప్పటికే భుజంగం గారికి వీపు తిప్పి కూచున్నారు. కాశీం గారు తన కత్తి అందించారు. ఉప సంచాలకులు కోశారు. భుజంగం గారు కోశారు. "ఉంది!" "ఉంది!" ప్రసాదరావు గారు నా వీపు చూసి, "నీకు సీలే లేదే!" అని అసూయపడి, "ఉంది!" అన్నారు. నేను సుభాషిణి పిన్ను చూశాను. వేలితో తడిమి మళ్లీ చూశాను. భుజం మీద చరిచాను.

"ఉంది!"

మాట తిరిగి తిరిగి మొదలైనచోటికి వచ్చింది. అక్కడెవరికీ తట్టలేదు గానీ, ఆ ఇరుకులో మేమందరం గుండ్రంగా కూచుని ఉన్నాం.

కాశీం గారు కిందికి చూసి తలూపారు. ఉప సంచాలకులు గోడకు అతుక్కుని దారిచ్చారు. సుభాషిణి తలుపు అంచున పాదాలు పెట్టింది. ఒకసారి నావైపు చూసింది. మరుక్షణం అక్కడ ఆకాశం మాత్రమే ఉంది.

బయటికి చూడొద్దన్న కాశీం గారి మాట మర్చిపోయి చూశాను. చుక్కంత అయింది. ఇంకా చిన్నదైంది. తర్వాత పసుపుపచ్చగా ఒక్కసారి విచ్చుకుంది.

"తెరుచుకుంది," అన్నారు ఉప సంచాలకులు. ఏ అనుమతీ లేకుండా తెరుచుకున్న దాన్ని చూసి ఆయన అంత సంతోషపడటం నాకు ఆశ్చర్యమనిపించింది.

మేము దిగి పరుగెత్తేసరికి సుభాషిణి రన్‌వే అవతల గడ్డిలో కూచుని ఉంది. బుల్లెబ్బాయి గారు పారాచూట్ గుడ్డను చేతులనిండా పోగుచేస్తున్నారు. పేరిశాస్త్రి గారు పాలసీ సంగతి మర్చిపోయి, నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. నూకాలమ్మ క్యారేజీ పక్కన పెట్టి, సుభాషిణి జుట్టులో గడ్డిపోచలు తీస్తోంది.

"ఇది దూకడం," అంటోంది. "ఎనకాల ఎవరూ లేరు. నేను సూశాను."

సుభాషిణి నవ్వుతూనే ఉంది. క్యారేజీ మూత తీసేలోపు మొదటి చినుకులు పడ్డాయి.

సోమవారం కొత్త ఉత్తర్వు టైపు చేశాను. 'ఉప సంచాలకులవారు స్వయంగా గగనతలంలో జరిపిన ప్రయోగం ఫలితంగా రూపొందించిన వలయాకార పరస్పర వీపు తనిఖీ పద్ధతిని ఇందుమూలముగా ప్రవేశపెట్టడమైనది. వలయంలో మొదటి స్థానం ఉప సంచాలకులవారికి కేటాయించడమైనది.'

వలయంలో మొదటి స్థానం ఏదని నేను కాశీం గారిని అడిగాను.

"వారెక్కడ నిలబడితే అదేనమ్మా," అన్నారాయన.

ఆ ఇబ్బంది ఇంతవరకూ రాలేదు. ఉత్తర్వు చివర ఉప సంచాలకులు తన చేత్తోనే ఒక షరతు చేర్చారు. వారి వీపును ఆరోగ్య శాఖవారు మాత్రమే తనిఖీ చేయవలెను, ఆ స్థానం ఖాళీగా ఉన్నంతకాలం వారు నేల మీదనే ఉండవలెను అని. సుభాషిణి బదిలీ మీద కొండల్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఎండలు వచ్చాయి, విమానం వచ్చింది, చింతలగరువులో "ఉంది, ఉంది" అని వినిపిస్తోంది. ఆ ఖాళీ మాత్రం అలాగే ఉంది. భర్తీ చెయ్యమని ఆరోగ్య శాఖకు రాయమంటారా అని నేను ఉప సంచాలకులవారిని రెండుసార్లు అడిగాను. తొందరేం లేదన్నారు.